అతిసార రోగికి నీరు: పరిశోధనయు, పరిచర్యయు



నేను లెక్కల మనిషిని, వైద్యుడను కాను. విరేచనములు పట్టిన బిడ్డకు ‘లంఘనం పరమౌషధ’మని నీరు సైతము మాన్పువారు మనలో నేటికిని కలరు. ఆ నానుడిని జ్వరమునకుంచుకొందము గాక! ఖర్చు హెచ్చిన ఖాతాకు జమ ఆపివేసినచో నిలువ యేమగును?

ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని కలరా రోగి పేగులు సైతము గ్రహించునని 1968 నాటికే ఢాకా, కలకత్తా పరిశోధకులు నిరూపించిరి. గ్లూకోజు ఉప్పును వెంటగొనిపోవును. నీరు దాని ననుసరించును. అయినను నరమున కెక్కించు సెలైనే శరణ్యమని పెక్కుమంది వైద్యులు నమ్ముచుండిరి.

1971లో తూర్పు బెంగాలు కాందిశీకులు చేరిన బన్‌గావ్‌లో కలరా చెలరేగెను, సెలైను చాలకపోయెను. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. మరణములు నూటికి సుమారు 30 నుండి 4కు లోపుగా దిగెను. నర్సు చేయవలసిన పని తల్లులు చేసిరి!

ఆ పొట్లము నేడు ఆరోగ్య కేంద్రమున ఉచితముగా దొరకును. లీటరు పొట్లమును లీటరు నీటనే కలుపవలెను. నీరు తగ్గినచో ఉప్పు హెచ్చి హాని కలుగును. కలిపినది 24 గంటలు దాటిన పారబోయవలెను. వాంతియైనచో పది నిమిషములాగి చెంచాతో మెల్లగా పట్టవలెను. చనుబాలు మాన్పరాదు. జింకు బిళ్ళలు విరేచనములు కట్టినను 14 దినములు వేయవలెను. మనవారు మరచునది ఇదియే. బిడ్డ మగతపడి త్రాగలేనిచో తక్షణము ఆసుపత్రికి గొనిపొండు.