ఆళ్లగడ్డ మిద్దె, నంద్యాల ఇల్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలిసినప్పుడల్లా 1982 నాటి నకారా తీర్పు గురించి, కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు "మీరున్న ఇండ్ల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. బదిలీల ఉద్యోగం గనుక అద్దె ఇండ్లు చాలా చూశాను గాని, చెప్పదగినవి రెండే.

మొదటిది ఆళ్లగడ్డలో. తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా ఉన్నప్పుడు శిల్పుల వీధికి దగ్గరలో ఒక చవుడు మిద్దెలో అద్దెకున్నాం. తెల్లవారకముందే ఉలి చప్పుడు మొదలయ్యేది. ఇప్పుడక్కడ కటింగు మిషన్ల రొద. విగ్రహాలు విదేశాల గుళ్లకు కూడా పోతున్నాయి, సంతోషమే. ఆ మిద్దెకు మందమైన మట్టి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. ఇంటి అవ్వ ఏటా వానలకు ముందే తట్టలతో చవుడు ఎత్తించి, పరిపించి, దగ్గరుండి తొక్కించేది. ఆమెకు అక్షరం రాదు. వాన ఎటునుంచి వస్తే ఏ మూల కారుతుందో మాత్రం చెప్పేది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు నాకు నంద్యాల బదిలీ అయింది. అక్కడే స్థలం కొనుక్కుంటానని చెబితే అవ్వ, "నాయనా, ఎండాకాలంలో సూసి కొనొద్దు. వానలప్పుడు పోయి సూడు" అన్నది.

నేను చూసింది ఏప్రిల్లో.

అప్పట్లో నంద్యాల దాటితే కె.సి. కాలువ కింద వరి మళ్లే. నూనెపల్లె వేరే ఊరనిపించేది. ఇప్పుడు వీధి దాటినట్టుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయ్యాక సెంటు ధర అడగాలంటేనే భయం. నేను కొన్నది ఐదు సెంట్లు. కొనేముందు పటం చూశాను, అది నా ఉద్యోగమే కదా. స్థలం పక్కనే సన్నని గీత, "వాగు పోరంబోకు" అని. నేల మీద చూస్తే తుమ్మచెట్లు, ఎండుగడ్డి, చుక్క నీరు లేదు. ధర తక్కువ. ఇంకొకరి దరఖాస్తయితే ఎర్రసిరాతో రాసేవాణ్ణి. నాది గనుక ఊరకున్నాను.

2019 సెప్టెంబరులో కుందూ, మద్దిలేరు పొంగాయి. మహానంది ఆలయంలోకే నీరు వచ్చిన రోజులవి. మా ఇంట్లో మోకాలి లోతు. పెన్షను కాగితాలున్న ట్రంకుపెట్టెను అటక ఎక్కించాం. మా ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకొని కూర్చొని, "అవ్వ చెప్పలేదా?" అన్నది. నేనేం జవాబు చెప్పను?

పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. ఇల్లు అమ్మి వచ్చేయమంటారు. మొన్న వేసవిలో ఒక ఉపాధ్యాయ దంపతులు వచ్చి చూశారు. బేరం కుదిరింది. బయానా ఇచ్చే ముందు ఆ అమ్మాయి "నీళ్లకేమైనా ఇబ్బందా అంకుల్?" అని అడిగింది. అడిగింది తాగునీటి గురించే. నేను బీరువా జరిపి గోడ మీది వరద చార చూపించాను. వాళ్లు మర్యాదగా కాఫీ తాగి వెళ్లిపోయారు.

మా పెద్దవాడు ఫోనులో, "వాగు సంగతి నిన్నెవరడిగారు నాన్నా?" అన్నాడు. ఎవరూ అడగలేదు, నిజమే.

ఆళ్లగడ్డ మిద్దె ఇప్పుడు లేదు, అవ్వా లేదు. నంద్యాల ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. బేతంచెర్ల బండలతో గడప ముందు రెండు మెట్లు పెంచాను. మా వైపు స్థలం చూడటానికి ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి, సెప్టెంబరులో ఒకసారి రమ్మంటున్నాను. బ్రోకర్లు మా వీధిలో నాతో మాట్లాడటం మానేశారు.