పాత సిటీ వీటెక్‌కి పొట్టి హెడర్స్: బిగించే ముందు, బిగించాక

మంగంపేట నుంచి మాట్లాడుతున్నా. మన ఊరంటే ముగ్గురాయి, అదే బెరైటీస్. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే ఈ బరువైన రాయిని, కార్లలో చప్పుడు తగ్గించే షీట్లలో కూడా కలుపుతారు. అలాంటి ఊళ్లో కూర్చుని ఈ రోజు చప్పుడు పెంచే పార్టు గురించి మాట్లాడుకుందాం: షార్ట్ ట్యూబ్ హెడర్స్.

కారు ఏదంటే హోండా సిటీ 1.5 వీటెక్. 2000లో మన దేశంలోకి వచ్చింది, 106 హార్స్ పవర్. చూడ్డానికి ఫ్యామిలీ కారు, కానీ మన దగ్గర స్పోర్ట్స్ కారు కొనలేని కుర్రాళ్లకి అదే స్పోర్ట్స్ కారు. ఇప్పటికీ "అన్నా, హెడర్ వేస్తే బండి ఎగురుతుందా?" అని అడుగుతూనే ఉంటారు.

ముందు హెడర్ చేసే పని చూద్దాం. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకు 100 చుట్లు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో సిలిండర్ సెకనుకు 50 సార్లు పొగ వదులుతుంది. కంపెనీ ఇచ్చే పోత ఇనుము మానిఫోల్డ్‌లో దారులు పొట్టిగా, ఇరుకుగా ఉండి త్వరగా కలిసిపోతాయి. ఒక సిలిండర్ పొగ ఇంకోదానికి అడ్డం తగులుతుంది. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కి విడిగా ఒక పైపు ఉంటుంది. పొగ పైపు చివరికి చేరగానే వెనక్కి ఒక తక్కువ ఒత్తిడి అల వస్తుంది. అది సరైన టైముకి వాల్వ్ దగ్గరికి చేరితే మిగిలిన పొగని కూడా లాగేస్తుంది. పొడుగు పైపులో అల ఆలస్యంగా తిరిగొస్తుంది, కాబట్టి కింది, మధ్య ఆర్‌పీఎంలో పనిచేస్తుంది. పొట్టి పైపులో తొందరగా వస్తుంది, కాబట్టి పై ఆర్‌పీఎంలో పనిచేస్తుంది.

మరి పొట్టివే ఎందుకు? ఎందుకంటే అవి పాత మానిఫోల్డ్ స్థానంలోనే కూర్చుంటాయి. కింద ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కోయాల్సిన పని లేదు. పొడుగువి వేస్తే క్యాట్‌ని జరపాలి, లేదా చాలామంది చేసినట్టు పీకేయాలి. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. పవర్ సంగతి సూటిగా చెప్తా: ఇంత చిన్న ఇంజిన్‌లో ఇదొక్కటీ మార్చితే ఐదు హార్స్ పవర్ వచ్చినా గొప్పే.

ఇప్పుడు బిగించే పని. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ ముందువైపు, రేడియేటర్ వెనకాలే ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన స్టడ్‌లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. బలవంతంగా తిప్పితే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. అప్పుడు హెడర్ ఖర్చుకంటే లేత్ షాపు ఖర్చే ఎక్కువ.

కొత్త ప్యాకింగే వేయండి. నట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి. బండి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి చూడండి. కింద పైపుకీ రోడ్డుకీ మధ్య గ్యాప్ కూడా కొలవండి. మన స్పీడ్ బ్రేకర్ల ఎత్తు మీకు తెలిసిందే.

లీకేజీని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి వెళ్తుంది. సెన్సార్ "పెట్రోల్ తక్కువైంది" అనుకుంటుంది, ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, క్యాట్ కూడా దెబ్బతింటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర నుంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలొస్తే అక్కడే లీకు.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. శబ్దం, పొగ పరిమితులు దాటితే సెక్షన్ 190(2) కింద 3 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ కూడా 3 నెలలు పోతుంది. అందుకే హెడర్ వేసినా వెనకాల క్యాట్, సైలెన్సర్ రెండూ అలాగే ఉండాలి. పనయ్యాక పొల్యూషన్ టెస్ట్ చేయించండి.

దీనికంటే పెద్ద విషయం ఆర్‌సీ. సొంత కారుకి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి రెన్యువల్. అంటే 2001 కారు 2016లో, 2021లో, మళ్లీ 2026లో తనిఖీకి వెళ్లాలి. క్యాట్ కోసేసిన బండి అక్కడ ఆగిపోతే, ఐదు హార్స్ పవర్ కోసం మొత్తం 106 పోగొట్టుకున్నట్టే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్ చేయనిచ్చేవాళ్లు కాదు. ఇక్కడ మీ రోల్‌బ్యాక్ ఆ పాత మానిఫోల్డే. దాన్ని తుక్కు కొట్టుకి అమ్మొద్దు. ఆయిల్ రాసి, గోనెసంచిలో చుట్టి, అటక మీద పెట్టండి. ఏ మార్పు చేసినా కోత, వెల్డింగ్ లేకుండా నట్లతో వెనక్కి తీయగలిగేలా ఉండాలి.

ఇంకో మాట. ముందు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, వాల్వ్ క్లియరెన్స్ సరిచేయించండి. పోయిన పవర్ చాలావరకు అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత కూడా మనసు లాగితే హెడర్ వేసుకోండి. మీ వీటెక్‌కి ఏం చేశారో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మన ఎండలకి రేడియేటర్, కూలెంట్ సంగతి చూద్దాం. ఉంటానండీ.