చుక్కను కాపలా కాసే కెమెరా

టెలిస్కోపుకు కెమెరా తగిలించి ఆండ్రోమెడా గెలాక్సీనో, ఒరాయన్ నెబ్యులానో ఫొటో తీద్దామని మేడెక్కేవాళ్లకు మొట్టమొదట అడ్డుపడేది భూభ్రమణం. భూమి తిరుగుతుంటే ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకండ్ల చొప్పున పడమటికి జరుగుతుంది. ఆర్క్ సెకండంటే డిగ్రీలో 3600వ వంతు. వినడానికి ఇంతే కదా అనిపిస్తుంది గానీ, ఆ లెక్కన చందమామ తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరిగిపోతాడు. మనమేమో ఒక్కో ఫొటోకు మూడు, అయిదు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచాలి.

ధ్రువం వైపు గురిపెట్టిన ఈక్వటోరియల్ మౌంట్ ఆ కదలికకు తగ్గట్టు టెలిస్కోపును మోటారుతో తిప్పుతుంది. అయితే అందులోని వార్మ్ గేరును ఎంత నునుపుగా చేసినా కాస్త తేడా ఉండిపోతుంది. అది చుట్టు తిరిగిన ప్రతిసారీ, అంటే చాలా మౌంట్లలో ఎనిమిది పది నిమిషాలకోసారి, టెలిస్కోపు ఓసారి ముందుకు తూలి ఓసారి వెనకబడుతుంది. మధ్యరకం మౌంట్లలో ఈ ఊగులాట 20, 30 ఆర్క్ సెకండ్లున్నా ఆశ్చర్యం లేదు. చుక్క గీతయిపోతుంది.

దీనికి విరుగుడే గైడింగ్. రెండో కెమెరా ఒకటి ఏదో ఒక చుక్కనే చూస్తూ ఉంటుంది. చుక్క పక్కకు జరిగితే కంప్యూటర్ పసిగట్టి మౌంట్‌ను సరిచేస్తుంది. ఒకప్పుడు ఈ కాపలా మనిషిదే. 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ ఆకాశపటం పనిలో మన బేగంపేట నిజామియా వేధశాల కూడా పాలుపంచుకుంది. ఆ పనికి నమూనాగా ఫ్రాన్స్‌లో హెన్రీ సోదరులు చేసిన టెలిస్కోపులో రెండు కటకాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఫొటో పలకకు, రెండోది మనిషి కంటికి. పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ ఖగోళజ్ఞుడు అడ్డుగీతల మధ్య చుక్క చెదరకుండా చేత్తో సరిచేస్తూ కూర్చోవాలి. ఇప్పుడు పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంటే మనం దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నాం.

ఇక ఏది కొనాలి? దారులు రెండు. పెద్ద టెలిస్కోపు మీద బుల్లి గైడ్‌స్కోపు బిగించడం ఒకటి. ఆఫ్ యాక్సిస్ గైడర్ రెండోది. ఇందులో పెద్ద టెలిస్కోపులోంచి వచ్చే వెలుగునే, ఫొటోకు పనికిరాని అంచు దగ్గర, చిన్న పట్టకంతో గైడ్ కెమెరాకు మళ్లిస్తారు.

నా మాట అడిగితే, ఫోకల్ లెంగ్త్ 600, 700 మిల్లీమీటర్ల లోపుంటే గైడ్‌స్కోపే తీసుకోండి. 50 మిల్లీమీటర్ల కటకం, 200 ఫోకల్ లెంగ్త్ చాలు. అందులో ఒక పిక్సెల్‌కు నాలుగు ఆర్క్ సెకండ్లు పడితే ఇంత మోటు చూపు ఏం పట్టుకుంటుందని అనుమానం రావచ్చు. చుక్క వెలుగు కొన్ని పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ దాని నడిబొడ్డును పిక్సెల్‌లో పదో వంతు దాకా లెక్కగట్టగలదు. కెమెరా మాత్రం బ్లాక్ అండ్ వైట్‌దే తీసుకోండి. రంగుల కెమెరా ముందుండే వడపోత చాలా వెలుగును మింగేస్తుంది.

ఫోకల్ లెంగ్త్ వెయ్యి దాటితే, ముఖ్యంగా ష్మిట్ కాసెగ్రేన్ రకమైతే, కథ మారుతుంది. వాటిలో ప్రధాన అద్దమే కొద్దికొద్దిగా జారుతుంది. పైనున్న గైడ్‌స్కోపుకు ఆ సంగతి తెలియదు. ఆఫ్ యాక్సిస్ గైడర్‌కు తెలుస్తుంది, అదీ ఆ అద్దంలోంచే చూస్తోంది కాబట్టి. అయితే దానికి చూపుమేర తక్కువ. పాలపుంతకు దూరంగా, సప్తర్షుల దిక్కున గెలాక్సీలు తీస్తుంటే ఆ ఇరుకు కిటికీలో ఒక్క చుక్కా దొరకని రాత్రులుంటాయి.

గైడ్ కెమెరాకు ఒకటి నుంచి మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. మరీ తగ్గిస్తే సాఫ్ట్‌వేర్ గాలి వణుకును మౌంట్ తప్పనుకుని దాని వెంట పరుగెడుతుంది. వార్మ్ గేరుకు బదులు మరో రకం గేరుతో తిరిగే హార్మోనిక్ మౌంట్లకు మాత్రం తక్కువే మేలు.

ఎంత మంచి గైడింగైనా ధ్రువం వైపు గురి తప్పితే ఫొటో అంచుల్లో చుక్కలు వంకర తిరుగుతాయి. ధ్రువనక్షత్రం హైదరాబాదులో సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, తిరుపతిలో ఇంకా కిందే. ఉత్తరాన అపార్ట్‌మెంట్ లేచిందంటే కనబడదు. మరో దిక్కున చుక్కలు ఫొటో తీసి గురి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు అప్పుడు ఆదుకుంటాయి.

గైడ్‌స్కోపు ఉన్నవాళ్లు ఆఫ్ యాక్సిస్ గైడర్ కొనేముందు ఒక పరీక్ష చేయండి. సాఫ్ట్‌వేర్ చూపే గైడింగ్ గీత తిన్నగా ఉన్నా, ఫొటోలో చుక్కలు ఒకే దిక్కుకు సాగుతున్నాయా? అయితే గైడ్‌స్కోపుకూ టెలిస్కోపుకూ మధ్య ఏదో వంగుతోంది. ముందు మరలు బిగించి, వేలాడే తీగల్ని కట్టి చూడండి. అప్పటికీ సాగితేనే దానికి డబ్బు తీయండి.