క్రొత్త వై-ఫై, పాత స్పీకరు
(చింతామణిలో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో బడియు, కచేరియు కన్నడమున నడచుచున్నను, మన ఇండ్లలో వినబడు మాట తెలుగు. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమును మా పెద్దలు రాత్రివేళ రేడియోలో వెదకికొని వినెడివారు. మీట త్రిప్పిన చాలును. నేడు ఆ కేంద్రపు కార్యక్రమములును, కైవార తాతయ్యగారి తెలుగు పదములును ఇంటర్నెట్టు ద్వారా వై-ఫై స్పీకరులో వినవచ్చుచున్నవి. సౌకర్యము పెరిగినది, దానితోపాటు ఒక చిక్కును పెరిగినది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

క్రిందటి వర్షాకాలమున మా ఇంట ఇంటర్నెట్టు కంపెనీని మార్చుకొంటిమి. క్రొత్త రౌటరు వచ్చినది. ఫోనులకు పాస్‌వర్డు చెప్పగనే పనిచేసినవి. మా తల్లిగారు ప్రతి ఉదయము వినెడి స్పీకరు మాత్రము మూగవోయినది. చెడిపోయినదని తలచి ఆమె దానిని బీరువాలో పెట్టించిరి. దుకాణమువారు క్రొత్తది కొనుమనిరి. తొమ్మిది దినములు ఇల్లు చిన్నబోయినది. పిదప తెలిసినదేమన, స్పీకరులో ఏ దోషమును లేదు.

స్పీకరు వై-ఫై పేరును, పాస్‌వర్డును జ్ఞాపకమున నుంచుకొనును. రౌటరు మారినను అది పాత పేరునే వెదకుచుండును. చుట్టములు ఇల్లు మారిన సంగతి తెలియనివాడు పాత వాకిలినే తట్టినట్లు. దానికి తెరయు లేదు, అక్షరముల మీటలును లేవు. కనుక క్రొత్త పేరును మనమే తెలుపవలెను.

అన్నిటికంటె సులభమైన ఉపాయము ఇది. క్రొత్త రౌటరును బిగించువానితో, పాత రౌటరుకున్న పేరును, పాస్‌వర్డునే దీనికిని పెట్టుమని కోరవలెను. ఇంగ్లీషు పెద్ద అక్షరము, చిన్న అక్షరము సైతము మారరాదు. అట్లు చేసినచో స్పీకరు చాలవరకు తనంతట తానే కలిసికొనును.

అది కుదరనిచో, ముందు ఫోనును క్రొత్త వై-ఫైకి కలుపవలెను. ఆ స్పీకరుకు సంబంధించిన యాప్‌ను తెరచి, దానికి క్రొత్త పేరును, పాస్‌వర్డును అందు ఈయవలెను. కొన్నింటిలో స్పీకరుపై నున్న మీటను కొన్ని క్షణములు అదిమి పట్టిన గాని అది సిద్ధము కాదు. అప్పుడు దీపము మినుకుమినుకుమనును.

అప్పటికిని కలియనిచో రెండు సంగతులు చూడవలెను. రౌటర్లు సాధారణముగా 2.4, 5 గిగాహెర్ట్జులను రెండు విధముల తరంగములను పంపును. పాత స్పీకర్లలో అనేకము మొదటి దానినే గ్రహించును. రాతిగోడల ఇండ్లలో దూరము పోవునదియు అదియే. దానిని నిలిపివేయరాదు. రెండవది, అతిథులకై ఏర్పరచిన వై-ఫైకి స్పీకరును కలుపరాదు. అందు ఒక పరికరము మరియొక దానిని చూడకుండ అడ్డుండుట కలదు. ఉన్నదంతయు తుడిచివేసి మొదటినుండి ఆరంభించుట చివరి ఉపాయము మాత్రమే. బ్లూటూతుతో మాత్రమే నడచు స్పీకరుకు ఈ చిక్కు లేదు. అది నేరుగా ఫోనుతోనే మాటాడును.

ఇక మా విన్నపము. బెంగుళూరులో నున్న పిల్లలు పండుగకు వచ్చి సరిచేయుదురని పెద్దలు నెలల తరబడి వేచియుండుట న్యాయము కాదు. ప్రతి ఇంట చీటీల పుస్తకమున వై-ఫై పేరును, పాస్‌వర్డును ఉన్నవి ఉన్నట్లు వ్రాసి యుంచుడు. మంచి వస్తువును చెడిపోయినదని పారవేయకుడు.

మరియొక మాట. మనలో తెలుగు మాటాడుచు కన్నడ లిపి మాత్రమే చదువగలవారు అనేకులు కలరు. వారు ఈ పత్రికను చదువలేరు. కావున ఈ వ్యాసమును మీ వీధిలోని అట్టి పెద్దలకు మీరు చదివి వినిపింపుడు. వారి స్పీకరు మరల పలికిన నాడు మా ప్రసంగము సఫలమైనట్లు భావింతుము.