బొల్లారం భవనంలో ఒక సొరంగం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వక్తను కాను. 34 ఏళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి. నోటు ఫైలు రాయమంటే రాస్తాను గాని మైకు ముందు కాళ్ళు వణుకుతాయి. కార్యదర్శిగారు వదలలేదు కనుక సికిందరాబాదు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ భవనం 1860లో కట్టినది. రాజభవనమంటే మనం ఊహించుకునే ఆర్భాటమేమీ లేదు. ఒకటే అంతస్తు, 11 గదులు, చుట్టూ 90 ఎకరాల ఆవరణ. మొదట అది బ్రిటిషు రెసిడెంటుగారికి ఊరి బయటి విడిది. ఆయన అసలు నివాసం కోఠీలో, తర్వాత మహిళా కళాశాల అయిన భవనం. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిశాక బొల్లారం ఇల్లు రాష్ట్రపతి సచివాలయం చేతికి వచ్చింది. రాష్ట్రపతి ఏడాదికోసారి, సాధారణంగా చలికాలంలో, ఇక్కడ విడిది చేసి పనులు చూసుకోవడం ఆనవాయితీ.

ఆ రోజుల్లో మా ఆఫీసుకూ కొంత పని పడేది. పాసుల జాబితా రాయడం నా వంతు. పేరు, హోదా, బండి నంబరు, కార్బను పెట్టి మూడు కాపీలు. వందల పేర్లు రాశాను, నా పేరు ఒక్కసారీ రాయలేదు. “ఊరందరికీ రాస్తారు, మనకొకటి రాసుకోకూడదూ?” అని మా ఇంటావిడ ఎత్తిపొడిచేది. నవ్వి ఊరుకునేవాణ్ణి.

2023 మార్చి 22న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు ఆ నిలయాన్ని ఏడాది పొడవునా ప్రజలు చూసేందుకు తెరిచారు. ఆ ఏడే టిక్కెట్లు కొనుక్కుని ఇద్దరం వెళ్ళాం. దర్బారు హాలు, భోజనశాల, తోటలు అన్నీ చూశాం. నా మనసు మాత్రం సొరంగం దగ్గర ఆగిపోయింది. వంటశాల వేరుగా ఉంది. అక్కడినుంచి భోజనశాలకు భూమి లోపలినుంచే దారి. ఇప్పుడు దాని గోడల నిండా చేర్యాల బొమ్మలు. మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నడుస్తూ, “వంట బల్లమీదికి రావాలి, తెచ్చేవాడు మాత్రం కనబడకూడదు, అంతేగా!” అంది.

ఆ మాట నాకు తగిలింది. ఆ ఇంట్లో ఎవరెవరు విడిది చేశారో చరిత్ర చెబుతుంది. ఆ దారిన వేడివేడి గిన్నెలు మోసినవాళ్ళ పేర్లు నాకెక్కడా కనబడలేదు. మనమూ అలాంటివాళ్ళమే గదా! ఫైలు మీద సంతకం దొరగారిది. కిందటి రాత్రి లాంతరు ముందు కూర్చుని నోటు రాసినవాడు గుమాస్తా.

అందుచేత నా విన్నపం ఒకటే. మనలో ప్రతి ఒక్కరూ తాము చేసిన కొలువు గురించి ఒక్క పేజీ రాసి సంఘానికి ఇవ్వండి. అటెండరుగా, డ్రైవరుగా, టైపిస్టుగా చేసినవారు ముందుగా ఇవ్వండి. చెయ్యి వణికేవారు మనవలకు చెప్పి రాయించండి. నా పేజీ ఈ రోజే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను.