స్తనములందలి రాచపుండు: ముందుగా గుర్తించు మార్గములు
(చిట్టమూరు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయమును గూర్చియు ముచ్చటించుట పరిపాటి. నేడు నేను స్త్రీలు నలుగురిలో పలుక సిగ్గుపడు విషయమును విన్నవింపబోవుచున్నాను. మా మేనత్తకు ఱొమ్మునందు చింతగింజయంత గడ్డ తగిలెను. నొప్పి లేదు గనుక ఎవరికిని చెప్పలేదు. కోతలైన పిమ్మట చూచుకొందమనుకొనెను. కోతలును, మల్లాము తిరునాళ్ళును గడచెను. వైద్యుని జేరునప్పటికి గడ్డ చర్మమును పట్టియుండెను. ఆమెను దక్కించుకొనలేకపోతిమి. ఈ వ్యాధి తొలిదశలో సాధారణముగా నొప్పి కలిగింపదని మాలో నెవ్వరికిని తెలియదు.

చేతికి తగులని గడ్డను సైతము కంటికి జూపు సాధనము మామోగ్రాము. 1895లో రాంట్‌జెన్ పండితుడు కనుగొనిన ఎక్సురే కిరణములతో, 1913లో బెర్లిను శస్త్రవైద్యుడు ఆల్బర్టు సాలమను, కోసి తీసిన స్తనములను పరీక్షించి, గడ్డలలో ఇసుక రేణువులవంటి సున్నపు చుక్కలను గుర్తించెను. 1963లో న్యూయార్కునందు ఆరంభమైన పరిశోధనలో, ఈ చిత్రమును చేతి పరీక్షయు కలసినచో మరణములు తగ్గునని తేలినది.

అయితే చిత్రము సర్వజ్ఞము కాదు. యువతుల స్తనములు దట్టముగా నుండుటచే చిత్రమునందు అంతయు తెల్లగనే తోచును. వారికి అల్ట్రాసౌండు ఎక్కువ ఉపకరించును. అనుమానము కలిగినను, సూదితో ముక్క తీసి పరీక్షించినగాని నిర్ణయము కాదు.

పల్లెలకు యంత్రము లెక్కడివని అడుగవచ్చును. ముంబయి టాటా వైద్యాలయమువారు 1998లో ఆరంభించి లక్షన్నర స్త్రీలతో 20 ఏండ్లు నడపి, 2021లో ప్రకటించిన పరిశోధనయే సమాధానము. శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేండ్ల కొకమారు చేతితో పరీక్షింపగా, 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధివలన మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గెను. అంతకు చిన్నవారిలో అట్టి తగ్గుదల కానరాలేదు.

ముందుగా గుర్తించుటవలని ఫలము స్పష్టము. అమెరికా లెక్కలలో, వ్యాధి స్తనమునందే యుండగా పట్టుబడినవారిలో నూటికి 99 మంది అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. దూరపు అవయవములకు పాకినపిమ్మట ఆ సంఖ్య సుమారు 30 మాత్రమే.

మనకు చేరువనున్న చెన్నపురిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు, తమ సోదరి రాచపుండుతో మరణింపగా, ఆ దుఃఖమును దుఃఖముగానే విడువక, 1954లో అడయారునందు 12 పడకలతో క్యాన్సరు ఇన్‌స్టిట్యూటును నెలకొల్పిరి. మనము అంత చేయజాలకున్నను కొంత చేయగలము.

30 ఏండ్లు దాటిన ప్రతి సోదరియు ఆరోగ్యకేంద్రమున చేతి పరీక్ష చేయించుకొనవలెను. గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి పోయినను, నెత్తురు స్రవించినను ఒక్కవారమైన జాగు చేయరాదు. మగవారు విసుగుకొనక వెంట నడువవలెను. పట్టణమునకు పోయి పరీక్షలు చేయించుకొను బీద స్త్రీలకు దారిఖర్చు మన సంఘనిధినుండి ఇచ్చునట్లు ఈ సభ తీర్మానింపవలెనని నా ప్రార్థన. మా మేనత్తకు కావలసినది సకాలమున ఒక్క ప్రయాణము. అది మరియొక యింట తప్పిపోకుండుగాక.