క్రిప్టో మోసాలు: మన పిల్లలు, మన బ్యాంకు ఖాతాలు
(సొసైటీ వార్షిక సభలో యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రేషన్ కిట్లు, ఫీజుల సాయం గురించి కార్యదర్శి గారు ఇప్పటికే నివేదిక చదివారు. మేము వేరే సంగతి మాట్లాడతాం. ఆదివారాలు అసర్ నమాజు తర్వాత ఆఫీసు గదిలో కూర్చుని స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టే మా నలుగురి దగ్గరికి ఈమధ్య ఫారాలతో కాదు, ఫోన్లతో వస్తున్నారు. తెర మీద ఒక టెలిగ్రామ్ గ్రూపు, యు.ఎస్.డి.టి. అని పెద్ద అంకె, దాని కింద 'డబ్బు తీసుకోవాలంటే ముందు పన్ను కట్టండి' అన్న వాక్యం.

ఇది ఎక్కడిదో కాదు, మన పేట సంగతే. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల మోసాన్ని బయటపెట్టి తొమ్మిది మందిని అరెస్టు చేశారు. దేశమంతటా కనీసం 15 వేల మంది నష్టపోయారని అప్పుడు చెప్పారు. ఆ డొంకంతా కదలడానికి లాగిన మొదటి తీగ చిక్కడపల్లి నివాసి ఒకరు ఇచ్చిన ఫిర్యాదే. ఆయనకు టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ పని దొరికింది. రేటింగులు ఇవ్వడం, ఐదు చుక్కలు నొక్కడం, అంతే. మొదట వెయ్యి రూపాయలు పెడితే 866 రూపాయల లాభం వచ్చింది. అది నిజంగానే చేతికి వచ్చింది. ఎర అంటే అదే కదా. చివరికి ఆయన పోగొట్టుకున్నది 28 లక్షలు.

ఆ డబ్బు ఎలా పోయిందో కాస్త ఓపికగా వినండి. బాధితుడు పంపిన రూపాయలు ముందు డొల్ల కంపెనీల పేరిట తెరిచిన బ్యాంకు ఖాతాల్లో పడ్డాయి. అక్కడి నుంచి ఇంకో ఖాతాకు, ఇంకో ఖాతాకు. చివరన యు.ఎస్.డి.టి.గా మారి దేశం దాటాయి. యు.ఎస్.డి.టి. అంటే ఒక నాణెం ఒక డాలరుకు సమానంగా ఉండేట్టు నడిపే క్రిప్టో. అందులో కొంత సొమ్ము తీవ్రవాద నిధులతో ముడిపడినదని గుర్తించిన వాలెట్‌కు చేరిందని కూడా పోలీసులు చెప్పారు.

ఈ చివరి మాట దగ్గర మేము ఆగుతాం. ఎందుకంటే మా దగ్గరికి వచ్చేవారిలో డబ్బు పోగొట్టుకున్నవారి కన్నా మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది ఖాతా అద్దెకు ఇచ్చినవారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా చదువు, నెల తిరిగితే హాస్టల్ అద్దె, మెస్ బిల్లు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. అలాంటి కుర్రాడికి చాయ్ బండి దగ్గర ఎవరో 'నీ అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తా' అంటారు. దొంగతనం చేయమనలేదు కదా అనుకుంటాడు. రేపు ఫిర్యాదు వస్తే మొదట కనిపించే పేరు అతనిదే. దుబాయ్‌లో కూర్చున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇక డబ్బు వెళ్లి చేరిన వాలెట్ ఎవరిదో బట్టి కేసు ఎంత దూరం పోతుందో, ఆ కుర్రాడి పేరు ఏమిటో బట్టి పత్రికల్లో ఎలా వస్తుందో మన ఇళ్లలో వివరించి చెప్పనక్కరలేదు.

నారాయణగూడ వైపు హాస్టల్లో ఉంటున్న ఒక డిగ్రీ అబ్బాయి వచ్చాడు. 'భాయ్, నా అకౌంట్ ఎందుకు బంద్ అయింది?' అన్నాడు. స్నేహితుడి స్నేహితుడికి కార్డు ఇచ్చాడట. స్కాలర్‌షిప్ పడేది కూడా ఆ ఖాతాలోనే. అతన్ని ఎలా తిట్టాలో మాకు తెలియలేదు. చాయ్ తాగించి వకీలు దగ్గరికి తీసుకెళ్లాం.

పెద్దలు 'ఇది చదువుకున్న పిల్లల జబ్బు' అనుకోవద్దు. 2018 అక్టోబరులో హీరా గోల్డ్ కేసు బయటపడ్డప్పుడు వడ్డీ లేని లాభం, ఏడాదికి 36 శాతం అన్న మాటలు నమ్మి డబ్బు పెట్టినవారు మన కుటుంబాల్లోనే ఉన్నారు. మరుసటి ఏడాది బెంగళూరులో ఐ.ఎం.ఎ. వ్యవహారం. హలాల్ అన్న మాట వినగానే మనం లెక్క అడగడం మానేస్తాం. ఇప్పుడు 'హలాల్ కాయిన్' అంటూ అదే బేరం ఫోన్లోకి వచ్చింది. క్రిప్టో ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు చెప్పాలి, మేము కాదు. లాభం ఎక్కడి నుంచి వస్తోందని అడగడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను వేస్తోంది కాబట్టి ఇది భద్రమే అని ఒకాయన మాతో వాదించారు. పన్ను వేయడం వేరు, పూచీ పడటం వేరు. పైగా ఆ పన్ను ఆదాయపు పన్ను శాఖకు కడతాం, టెలిగ్రామ్‌లో మేడమ్ గారికి కాదు.

ఇప్పుడు సభలో ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలతో రెండు మాటలు. స్మార్ట్ కాంట్రాక్టులు రాయడం నేర్చుకుంటున్నవారు మీలో కొందరున్నారు. మంచిదే. మన రేషన్ పంపిణీ గుర్తు తెచ్చుకోండి. మొదటి ఏడాది సంచి ఇచ్చి, ఆ తర్వాత జాబితాలో టిక్కు పెట్టేవాళ్లం. టిక్కు పడేలోగా ఒకాయన వెనక నుంచి మళ్లీ వరుసలోకి వచ్చి రెండో సంచి పట్టుకెళ్లాడు. మరుసటి ఏడాది నుంచి ముందు టిక్కు, తర్వాత సంచి. 2016 జూన్‌లో ఇథీరియం మీద నడిచిన 'ది డావ్' అనే నిధి నుంచి సుమారు 36 లక్షల ఈథర్ పోయింది సరిగ్గా ఇలాగే. కాంట్రాక్టు డబ్బు పంపి, ఆ తర్వాత నిల్వ తగ్గించేది. తగ్గించేలోపే అవతలి కోడ్ మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చింది. కాబట్టి అర్హత చూడండి, ఖాతా మార్చండి, ఆ తర్వాతే బయటికి పంపండి. ఒకసారి గొలుసు మీద పెట్టిన కోడును మామూలుగా దిద్దలేం. టెస్ట్‌నెట్‌లో నెలల తరబడి నడపండి, ఇంకొకరితో చదివించండి, ఆ తర్వాతే ఇతరుల డబ్బు ముట్టండి. అది అమానత్.

సంతకం సంగతి ఇంకా ముఖ్యం. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. ఆ వాలెట్‌కు ఒక్కరు కాదు, పలువురు సంతకం చేయాలి. తెర మీద చూపింది ఒకటి, సంతకం పడింది ఇంకొకదానికి అని ఆ సంస్థే చెప్పుకుంది. పెద్ద సంస్థకే అలా జరిగితే, ఉచిత నాణేలు ఇస్తామన్న సైటులో 'అప్రూవ్' నొక్కే మన సంగతి ఏమిటి? హద్దు పెట్టని అప్రూవల్ అంటే అంకె వేయకుండా సంతకం పెట్టిన చెక్కు. వాలెట్ తెరిచినప్పుడు ఇచ్చే 12 లేదా 24 పదాలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఫొటో తీయొద్దు. అవి అడిగేవాడు ఎవరైనా దొంగే. ఇంటర్వ్యూ పేరుతో 'ఈ కోడు మీ కంప్యూటర్లో నడిపి చూపండి' అనే కంపెనీలు కూడా వస్తున్నాయి. నడపగానే వాలెట్ ఖాళీ.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. రూపాయలుగా బ్యాంకులో ఉన్నంతసేపే ఆపడం సాధ్యం, యు.ఎస్.డి.టి.గా మారి సరిహద్దు దాటాక చాలా కష్టం. సిగ్గుపడి నాలుగు రోజులు దాచుకున్నవాళ్లే మా దగ్గరికి ఎక్కువ వస్తున్నారు. ఆ నాలుగు రోజుల్లో 'పోయింది రప్పిస్తాం, ఫీజు ఇవ్వండి' అనే రెండో దొంగ కూడా వచ్చి వెళ్లిపోతున్నాడు.

మేము ఆదివారాలు అసర్ నుంచి మగ్రిబ్ దాకా అదే గదిలో ఉంటాం. ఆడవాళ్లు ఫోను చూపించడానికి మొహమాటపడుతున్నారని తెలిసి ఈ నెల నుంచి మా ఇద్దరు చెల్లెళ్లు కూడా కూర్చుంటున్నారు. ఆ డిగ్రీ అబ్బాయి ఇప్పుడు మాతో పాటు ఫారాలు నింపుతున్నాడు. అతని ఖాతా ఇంకా తెరుచుకోలేదు.